రాత్రి చివరి బస్సు దిగాక స్టాపు నుంచి ఇంటిదాకా... ప్రయాణికులుగా మనం ఏం చేయొచ్చు?

చివరి ట్రిప్పు (ప్రశ్న అడిగినవారు):

మా చెల్లి రాత్రి షిఫ్టు అయ్యాక పదింపావు బస్సుకి వస్తుంది. బస్సులో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, జనం ఉంటారు. దిగాకే టెన్షన్. స్టాపు నుంచి మా ఇంటికి ఎనిమిది నిమిషాల నడక. రెండు వారాల కిందట ఒకడు తనతోపాటే దిగి వెనకాలే నడవడం మొదలుపెట్టాడు. తను వేగం పెంచితే వాడూ పెంచాడు, ఫోన్ మాట్లాడుతున్నట్టు ఆగితే వాడూ ఆగాడు. మలుపు దగ్గర ఒక పెద్దాయన గేటుకి తాళం వేస్తూ కనిపిస్తే "బాబాయ్ గారూ" అని గట్టిగా పిలుస్తూ వెళ్లి ఆయన పక్కన నిలబడింది. ఆయనెవరో తనకి తెలియదు. ఆయన మాత్రం ఏమీ అడక్కుండా "రామ్మా" అని గేటు తీశారు. వాడు తల తిప్పకుండా ముందుకి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఉద్యోగం మానేస్తానంది. ఇష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం అది. ఇప్పుడు రోజూ నేను వెళ్లి తీసుకొస్తున్నాను, కానీ నాకూ నైట్ డ్యూటీలు పడతాయి, ఆ రోజుల్లో ఏం చేయాలో తెలియడం లేదు. స్టాపు దగ్గర లైటు వెలగడం లేదని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. నాలుగు రోజులకి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి వెళ్లి చూస్తే అదే చీకటి.

మా చుట్టుపక్కల వాళ్లం పన్నెండు మంది ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. కొందరు రాత్రిపూట గస్తీ తిరుగుదామంటున్నారు, కొందరు చందాలేసుకుని సీసీ కెమెరా పెట్టిద్దామంటున్నారు, కొందరు అందరం కలిసి ఒక అర్జీ ఇద్దామంటున్నారు. ఎవరైనా మీ దగ్గర ఇలాంటిది చేసి ఫలితం చూసినవాళ్లుంటే చెప్పండి. నిజంగా పనికొచ్చేది ఏమిటి?

---

నడిచి చూశాం:

ముందు మీ చెల్లిగారికి ఒక మాట చెప్పండి. ఆ రాత్రి తను చేసింది చాలా తెలివైన పని. తెలియని మనిషినే వరసపెట్టి పిలవడం, వెలుగున్న చోట ఆగడం. భయంలో అంత త్వరగా తోచడం మామూలు విషయం కాదు.

ఇక పని గురించి. అర్జీ తర్వాత, కెమెరా తర్వాత. ముందు నడవండి. పగలు కాదు, ఆ బస్సు వచ్చే టైముకే, ఆ స్టాపు నుంచే. దీన్ని సేఫ్టీ ఆడిట్ అంటారు. పేరు పెద్దది కానీ, ఆ దారి రోజూ వాడేవాళ్లే కలిసి నడిచి ఎక్కడ భయమేస్తుందో, ఎందుకేస్తుందో రాసుకోవడమే. 1989లో కెనడాలోని టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ మహిళల కోసం ఈ పద్ధతి తయారు చేసింది, తర్వాత చాలా దేశాలు అందుకున్నాయి. మన దేశంలో 2013లో వచ్చిన సేఫ్టీపిన్ యాప్ కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది. అందులో తొమ్మిది అంశాలు చూస్తారు. వెలుతురు, నడిచే దారి, బస్సో రైలో ఎంత దగ్గర, కాపలా లాంటివి సరే, అవి మనకీ తోస్తాయి. మనకి తోచనివి కొన్ని ఉన్నాయి. అక్కడ నిలబడ్డ మనిషి చుట్టూ ఎంత దూరం కనిపిస్తుంది, ఇళ్ల కిటికీల్లోంచీ కొట్ల తలుపుల్లోంచీ ఆ మనిషి ఎవరికైనా కనిపిస్తుందా, ఆ టైములో రోడ్డు మీద ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారా లేక అందరూ మగవాళ్లేనా. చివరిది, అన్నీ చూశాక అక్కడ మీకు ఎలా అనిపిస్తోంది.

మేం ఎనిమిది మందిమి వెళ్లాం, అందులో చేతికర్రతో నడిచే పెద్దావిడ ఒకరు, కాలేజీ పిల్లలు ఇద్దరు. స్టాపు పక్కన లైటు వెలగదని మేమంతా నెలల తరబడి అనుకుంటున్నాం. కింద నిలబడి తల పైకెత్తి చూస్తే లైటు శుభ్రంగా వెలుగుతోంది! చెట్టు కొమ్మ పెరిగి దాన్ని కమ్మేసింది. వెలుగంతా ఆకుల మీద పడుతోంది, కింద నేల మీద చేతి గీతలు కూడా కనిపించని చీకటి. మీకు వచ్చిన "పరిష్కరించబడింది" వెనక కూడా ఇలాంటిదేదో ఉండొచ్చు. లైట్ల మనిషి వచ్చి చూసి ఉంటాడు, బల్బు వెలుగుతోంది, అతని పని అయిపోయింది. కొమ్మ కొట్టడం అతని పని కాదు.

ఇంకోటి షెల్టరు. స్టాపుకి ఒక పక్క మొత్తం ప్రకటన బోర్డు అడ్డంగా ఉంది, దాని వెనక ఎవరు నిలబడ్డా లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు. ఆ బోర్డు లైటు మాత్రం కళ్లు మిరుమిట్లు గొలిపేంత ఉంది. అక్కడ ఐదు నిమిషాలు కూర్చుని బయటికి చూస్తే ఏమీ కనిపించదు, కానీ బయట ఉన్నవాడికి మనం దీపం కింద బొమ్మలా కనిపిస్తాం. అందుకే వెలుగు ఎంత ఉందన్నదొక్కటే కాదు, అది సమంగా పరుచుకుందా లేదా అన్నది చూడండి. ఒకచోట మరీ ఎక్కువై పక్కన చిమ్మచీకటి ఉంటే కన్ను అలవాటు పడే లోపే మనం ఆ చీకట్లో ఉంటాం.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. అన్నీ ఒక ఉత్తరంలో పెట్టకండి. లైటు ఒక ఆఫీసు, చెట్టు ఇంకో ఆఫీసు, షెల్టరు బోర్డు కాంట్రాక్టరుది, ఫుట్‌పాత్ మరొకరిది. ఒకే అర్జీలో అన్నీ ఉంటే ప్రతివాళ్లూ అది పక్కవాళ్లదనుకుంటారు. మేం తప్పుకి ఒకటి చొప్పున రాశాం, ప్రతిదాంట్లో స్తంభం నంబరు, తేదీ, టైము, ఫోటో. పని అయ్యాక మళ్లీ అక్కడే నిలబడి ఫోటో తీయడానికి గోడ మీద సుద్దతో చిన్న గుర్తు పెట్టుకున్నాం. కొమ్మ ఆరు వారాలకి కొట్టారు. బోర్డు తీయించడానికి ఐదు నెలలు పట్టింది, మధ్యలో రెండుసార్లు అంతా వదిలేద్దామనుకున్నాం. మాలో ఒకావిడ మాత్రం ప్రతి సోమవారం ఫోన్ చేసేది, అరిచేది కాదు, "పోయినవారం మీరు చెప్పిన తేదీ అయిపోయిందండీ" అని మాత్రమే అనేది. ఆవిడ వల్లే అయ్యింది.

---

గస్తీకి రెడీ:

ఈ రాసుకోవడాలూ కొలుచుకోవడాలూ అన్నీ బాగానే ఉంటాయి కానీ ఐదు నెలలు ఎవరు ఆగుతారండీ. ఆ అమ్మాయి రేపు రాత్రి కూడా అదే బస్సు దిగాలి కదా. పది మంది కుర్రాళ్లు కర్రలు పట్టుకుని స్టాపు దగ్గర నిలబడితే వారంలో అంతా సెట్ అవుతుంది. వాడి ఫోటో దొరికితే అన్ని గ్రూపుల్లో పెట్టేయండి, మళ్లీ ఆ వైపు రాడు.

---

ఒకసారి చూశాను:

తమ్ముడూ, నీ కోపం నాకు అర్థమవుతుంది, రేపటి రాత్రి సంగతేంటి అన్నావు చూడు, ఆ ప్రశ్న సరైనదే. ఫోటో పెట్టడం మాత్రం వద్దు. మేమున్న చోట ఒకతని ఫోటో అలాగే గ్రూపుల్లో తిరిగింది. స్టాపు దగ్గర అదే పనిగా నిలబడుతున్నాడని ఎవరో తీశారు. అతను పక్క భవనంలో రాత్రి కాపలా మనిషి. నాలుగో రోజు కుర్రాళ్లు పట్టుకుని కొట్టారు. పోలీసులు వచ్చాక అసలు విషయం తెలిసింది. అతని పెదవికి కుట్లు పడ్డాయి, ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ వీధిలో రాత్రి మెలకువగా ఉండే ఒక్క మనిషి కూడా లేకుండా పోయాడు. ఆ ఫోటోని ఫార్వర్డ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, నాకది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

గస్తీల గురించి చెప్పాలంటే 1979లో న్యూయార్క్‌లో గార్డియన్ ఏంజెల్స్ అని మొదలైంది. ఎర్ర టోపీలు పెట్టుకుని, ఆయుధాలు లేకుండా సబ్‌వే రైళ్లలో తిరిగేవాళ్లు. వాళ్లని చూసి ధైర్యం తెచ్చుకున్న ప్రయాణికులు ఉన్నారు, నిజమే. కానీ మొదటి నుంచీ పోలీసులతో గొడవలే. చివరికి తొలినాళ్లలో గొప్పగా చెప్పుకున్న కొన్ని సాహసాలు ప్రచారం కోసం అల్లినవేనని దాని వ్యవస్థాపకుడే 1992లో ఒప్పుకున్నాడు. మనిషి అండ కావాలి, కాదనను. కానీ కర్ర పట్టుకున్న పది మందిని దూరం నుంచి చూసిన ఆడపిల్లకి వాళ్లు మనవాళ్లో కాదో ఎలా తెలుస్తుంది?

రేపటి రాత్రికి కావలసింది ఇంకా చిన్న ఏర్పాటు. ఆ బస్సుకి వచ్చేవాళ్లు ఎందరో కనుక్కోండి, ఖచ్చితంగా మీ చెల్లి ఒక్కతే అయి ఉండదు. ఆ నలుగురూ ఒకేసారి దిగి కలిసి నడిచేలా మాట్లాడుకోండి. దారిలో ఆ పది నిమిషాలు బయటి లైటు వేసి ఉంచే ఇళ్లు మూడు దొరికితే చాలు. ఆ గేటు తీసిన పెద్దాయన ఇల్లు మొదటిది.

---

స్టీరింగ్ 22 ఏళ్లు:

నేను బస్సు డ్రైవర్ని. ఇంత చర్చలో డ్రైవర్ని, కండక్టర్ని ఎవరూ తలుచుకోలేదు కాబట్టి రాస్తున్నాను. ఆ చివరి బస్సు నడిపేవాడికి రోజూ ఎక్కేవాళ్ల ముఖాలన్నీ తెలుసు. ఎవరు ఎక్కడ దిగుతారో తెలుసు. కొత్త మనిషి ఎవరి వెనకాలైనా హడావుడిగా దిగితే అద్దంలో మాకు కనిపిస్తుంది. మాతో ఒక్కసారి మాట్లాడండి. డ్యూటీలు మారుతుంటాయి, అందుకని ఒక్కరితో మాట్లాడి ఊరుకోకండి, ఆ రూటు నడిపే నలుగురైదుగురితో మాట్లాడండి.

రాత్రిపూట స్టాపులు కాని చోట కూడా, ఇంటికి దగ్గరగా దించమని అడగొచ్చు. టొరంటోలో దీన్ని 1991 నుంచి పద్ధతిగా చేశారు, రాత్రి 9 నుంచి ఉదయం 5 వరకు ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లు ముందే చెబితే రెండు స్టాపుల మధ్య దించుతారు, ముందు తలుపు మాత్రమే తీస్తారు, దాంతో వెనక తలుపులోంచి ఎవరూ వెంట దిగలేరు. తర్వాత అందరికీ వర్తింపజేశారు. మాలో చాలామంది మనసుండి ఇప్పుడూ ఆపుతారు. కానీ అక్కడ ఏదైనా జరిగితే మెమో మాకు వస్తుంది, స్టాపు కాని చోట ఎందుకు ఆపావని. కాబట్టి మమ్మల్ని బతిమాలకండి, డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి రాత పూర్వకంగా తెచ్చుకోండి. కాగితం ఉంటే ఏ డ్రైవరూ వెనకాడడు.

ఎవరూ పట్టించుకోని ఇంకో విషయం, ట్రిప్పు రద్దు. డ్రైవరు లేకో బండి పాడయ్యో చివరి బస్సుకి ముందు రావాల్సిన బస్సు రాదు, స్టాపులో నిలబడ్డవాళ్లకి ఎవరూ చెప్పరు, తర్వాతి బస్సు దాకా ఒక ఆడమనిషి ఒంటరిగా ముప్పావుగంట అక్కడే ఉంటుంది. వెంటపడేవాడికి కావలసింది ఆ ముప్పావుగంటే. బస్సు టైముకి రావడం కూడా భద్రతేనండీ. మీ గ్రూపు ఒక నెలపాటు ఆ చివరి బస్సు ఏ రోజు ఎన్నింటికి వచ్చింది, ఏ రోజు రాలేదు అని రాసి పెడితే అది డిపోలో బల్ల మీద పెట్టడానికి గట్టి కాగితం అవుతుంది. "బస్సు సరిగా రావడం లేదు" అంటే ఎవరూ వినరు, "ఈ నెల 6, 11, 19 తేదీల్లో రాలేదు" అంటే రిజిస్టరు తీయాల్సిందే.

ఇక దిగాక దయచేసి బస్సు ముందు నుంచి రోడ్డు దాటకండి, మీవాళ్లందరికీ చెప్పండి. బస్సుకి మరీ దగ్గరగా నడిచే పొట్టివాళ్లు, పిల్లలు మా సీట్లోంచి కనిపించరు. పక్క నుంచి ఓవర్‌టేక్ చేసే బండికి మీరు అసలే కనిపించరు, బస్సు అడ్డం. నా బస్సు ముందే అలా ఒక పాప దెబ్బతింది, నేను బ్రేకు మీదే ఉన్నాను, అయినా ఏమీ చేయలేకపోయాను. స్టాపు జంక్షన్‌కి ముందు ఉంటే జనం బస్సు ముందు నుంచే దాటతారు, జంక్షన్ దాటాక ఉంటే సహజంగా వెనక నుంచి దాటతారు. మీరు చేసే నడకలో మీ స్టాపు ఎక్కడుందో అది కూడా రాసుకోండి.

---

పక్క సీటు:

కెమెరా గురించి ఎవరూ తేల్చలేదు కాబట్టి నా మాట. కెమెరా జరిగాక సాక్ష్యానికి పనికొస్తుంది, అది ముఖ్యమే. కానీ అవతల ఎవరూ చూడని కెమెరా ఆ క్షణంలో ఎవరినీ ఆపదు. కెమెరాకి చందాలేసుకునే ముందు వెలుతురు కోసం ఒత్తిడి తెండి. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాల దగ్గర, లాటరీ తీసినట్టు కొన్నింటిని ఎంచి అదనపు లైట్లు పెట్టి చూశారు. అక్కడ రాత్రిపూట ఆరుబయట జరిగే పెద్ద నేరాలు 36 శాతం దాకా తగ్గాయని లెక్కతేలింది. అది బస్ స్టాపుల మీద చేసింది కాదు, అయినా చీకటి విషయంలో ఇంత గట్టిగా పరీక్షించి చూసినవి తక్కువ. 1990లలో లాస్ ఏంజెలెస్ బస్ స్టాపుల మీద జరిగిన పరిశోధనలో కూడా నేరాలు కొద్ది స్టాపుల దగ్గరే పోగుపడి ఉన్నాయని తేలింది, మద్యం దుకాణాలు, సందులు, ఖాళీ స్థలాల పక్కన, ఎవరికీ కనిపించని చోట్ల. అందుకే ఊరంతా ఒకేసారి బాగుచేయాలని కూర్చోకుండా మీ ఒక్క స్టాపు పట్టుకోవడం సరైన పని.

బస్సు లోపల జరిగేదాని గురించి కూడా ఒకటి చెప్పాలి. రైట్ టు బీ అనే సంస్థ, ఎవరినైనా వేధిస్తుంటే పక్కనున్నవాళ్లు ఎలా సాయం చేయొచ్చో ఐదు దారులు నేర్పుతుంది. నేరుగా కలబడటం అందులో ఒకటి మాత్రమే. దృష్టి మళ్లించడం, ఇంకొకరి సాయం అడగడం, జరిగింది రికార్డు చేసి బాధితులకే ఇవ్వడం, అయిపోయాక వాళ్లని పలకరించడం మిగతావి. నేను ఒక సాయంత్రం నిండుగా ఉన్న బస్సులో నిలబడ్డాను. ఒకడు ఒక అమ్మాయి మీదకి ఒరుగుతున్నాడు, ఆ అమ్మాయి బ్యాగుని ఛాతీకి అదుముకుని కిటికీ వైపు జరుగుతూ ఉంది, ఇంక జరగడానికి చోటు లేదు. నాకు గొడవ పడే ధైర్యం లేదు. మధ్యలోకి చెయ్యి పెట్టి పైన కడ్డీ పట్టుకుని "ఏమ్మా, ఎంతసేపైంది ఎక్కి, నేను వెనకాల వెతుకుతున్నాను" అన్నాను. ఆ అమ్మాయి ఒక్క క్షణం నా ముఖం చూసి "ఇప్పుడే అక్కా" అంది. వాడు రెండు వరసలు వెనక్కి వెళ్లాడు. దిగేటప్పుడు ఆ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని దిగింది, వేళ్లు చల్లగా ఉన్నాయి.

మీ చెల్లి "బాబాయ్ గారూ" అని పిలవడం కూడా ఇదే కదా.

---

చూపు లేదు, రోజూ ప్రయాణిస్తాను:

నాకు చూపు లేదు. మీ నడకకి మాలాంటివాళ్లని కూడా పిలవండి, మాకు తెలిసేవి వేరు. లైటు ఉన్నా లేకున్నా నాకు ఒకటే. నన్ను ఇబ్బంది పెట్టేది ఫుట్‌పాత్ మధ్యలో మూత లేని మ్యాన్‌హోల్, స్టాపుకి దూరంగా రోడ్డు నడిమధ్య ఆగే బస్సు, స్టాపు పేరు చెప్పని బస్సు. ఒకసారి రాత్రి ఒక స్టాపు ముందే దిగిపోయాను. చుట్టూ ఎవరి గొంతూ లేదు. ఫోన్ మ్యాప్ ఎటు నడవాలో చెబుతుంది కానీ పక్కన అడుగుల చప్పుడు ఎవరిదో చెప్పదు. ఆ పావుగంట నాకు బాగా గుర్తుంది. కండక్టరు స్టాపు పేరు గట్టిగా ఒక్కసారి పలికితే అది జరిగేది కాదు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, డ్రైవర్ గారూ, మీ డిపోలో ఈ మాట చెప్పండి.

---

స్టీరింగ్ 22 ఏళ్లు:

చెబుతానండి. నిజంగా నాకు ఇది తట్టలేదు. రేపు నాతో డ్యూటీలో ఉన్న కండక్టరుతోనే మొదలుపెడతాను.

---

చివరి ట్రిప్పు (ప్రశ్న అడిగినవారు):

అందరికీ థ్యాంక్సండీ. నిన్న రాత్రి నడిచాం, తొమ్మిది మందిమి. గస్తీ అన్న కుర్రాళ్లు ఇద్దరు కూడా వచ్చారు, కర్రలు లేకుండా, ఒకడి చేతిలో నోట్‌బుక్ ఉంది. మా స్టాపు లైటు సంగతి, నిజంగానే బల్బు పోయింది, కొమ్మ కాదు. కానీ ఫిర్యాదులో నేను స్తంభం నంబరు ఇవ్వలేదు, పక్క స్తంభానికి కొత్త బల్బు వేసి వెళ్లారు. నంబరుతో మళ్లీ పెట్టాం.

చెల్లి మొదట రానంది, చివరి నిమిషంలో చెప్పులేసుకుని వచ్చింది. మేమంతా మలుపు దగ్గరే ప్రమాదం అనుకుని అక్కడ లైటు కోసం రాసుకుంటున్నాం. తను చాలా ముందే ఆగిపోయింది. స్టాపు నుంచి వంద అడుగులు కూడా రాలేదు. అక్కడ వరసగా లారీలు ఆపి ఉంటాయి, వాటికీ గోడకీ మధ్య సందులోంచే నడవాలి. "ఇక్కడ. ఇందులోకి వచ్చాక వాడు దగ్గరైపోయాడు" అంది. నేను రోజూ తనని తీసుకొచ్చేటప్పుడు బండి మీద ఆ లారీల పక్క నుంచే వస్తున్నాను, ఒక్కసారి కూడా ఆ సందు వైపు చూడలేదు. లారీల మీద విడిగా రాస్తున్నాం. ఆ బస్సుకి ఇంకో ముగ్గురు వస్తారని కూడా తెలిసింది, వాళ్లలో ఒకావిడది మా వెనక వీధే. సోమవారం నుంచి కలిసి నడుస్తారు. పెద్దాయన ఇంటికి వెళ్లి చెబితే బయటి లైటు వేసి ఉంచడమే కాదు, ఆ టైముకి గేటు దగ్గర కుర్చీ వేసుకుంటానన్నారు.

డ్రైవర్ గారూ, మధ్యలో దించే విషయం మాట్లాడటానికి డిపోకి ఏ టైముకి వెళ్తే మంచిదండీ?

---

స్టీరింగ్ 22 ఏళ్లు:

షిఫ్టు మారే టైముకి వెళ్లకండి, ఎవరూ వినే స్థితిలో ఉండరు. పొద్దున బండ్లన్నీ రోడ్డెక్కాక, పదకొండు ప్రాంతంలో వెళ్లండి. బస్సు టైములు రాసిన కాగితం రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. చెల్లిగారు కూడా వస్తే ఇంకా మంచిది, ఆ లారీల సంగతి తనే చెప్పనీయండి.